తొమ్మిదో పేజీలో మూడో మనిషి

లారీ రావడానికి ఇంకా నెల రోజులుంది. లింగమ్మ అప్పుడే సంచి సర్దడం మొదలుపెట్టింది.

రెండు చీరలు, ఒక దుప్పటి, స్టీలు చెంబు, తలనొప్పి మందు డబ్బా, ఎర్ర గుడ్డలో మూట కట్టిన కారంపొడి. మిరపకాయలు కోసే ఊరికి పోతూ ఇంటి నుంచి కారంపొడి మోసుకుపోయే మనిషి ఆదోని మొత్తానికి ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

"ఆడ ఊరంతా మిరపకాయలే గదవ్వా, ఇదేంటికి?" అంది ప్రమీల నోటుపుస్తకం మీంచి తల ఎత్తకుండా.

"ఆ కారం నాలుకకు తగుల్తాది. మన కారం కడుపుకు తగుల్తాది. నీకేం తెలుసు, నువ్వు టీచరమ్మవి."

"నిన్న సర్దినావు. మొన్న సర్దినావు. మళ్ళా ఇప్పి మళ్ళా సర్దుతాండావు. ఆ సంచికే విసుగొస్తాంటాది."

"సంచికి రాదులే. నీకొస్తాంది."

ప్రతి ఏడాదీ క్రిస్మస్ అయిన మూడో రోజున వాళ్ళ కాలనీలో సగం మంది లారీ ఎక్కుతారు. ఇక్కడ పత్తి పనులు ఆఖరవుతాయి, గుంటూరు వైపు మిరప కోతలు మొదలవుతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. మళ్ళీ మార్చి దాకా రారు. లింగమ్మకు డెబ్భై దాటాయి, మిరప చెట్టు ముందు వంగలేదు. కానీ కోసేవాళ్ళ వెంట పిల్లలుంటారు. ఆ పిల్లల్ని గుడారం కాడ కూర్చోబెట్టి, ముక్కులు తుడిచి, తలలు లెక్కపెట్టుకుంటూ ఉండేది లింగమ్మే. "ఈ ఏడు వద్దులే అమ్మా" అని కొడుకు దేవదాసు ఏటా అంటాడు. ఆమె ఏటా పోతుంది. దేవదాసు మార్కెట్ యార్డులో క్వింటాలు బరువు పత్తి బేళ్ళు మోస్తాడు గానీ, తల్లి మాటకు అడ్డం పోయేంత బలం లేదు ఆయనకు.

ప్రమీలకు మూడేళ్ళప్పుడు తల్లి పోయింది. పెంచింది అవ్వే. డిగ్రీ చదివించింది అవ్వే. కాలనీ చివర చిన్నపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వస్తే, వీధంతా బెల్లం పంచింది కూడా అవ్వే. అందుకే అవ్వ ఇప్పుడు అన్న మాటకు ప్రమీల పెన్ను ఆగిపోయింది.

"నేను లారీ ఎక్కే లోపల గుంతకల్లోళ్ళకు మాట సెప్పాల. పిల్లోనికి రైల్వేలో పని. మన చర్చీ వాళ్ళే. నీకు ఇష్టమా, కాదా?"

"నా పుస్తకం అయిపోనీ అవ్వా."

"పుస్తకాన్ని పెండ్లి సేసుకుంటావా?"

"పుస్తకం అయితే పొద్దున్నే లేచి కాఫీ అడగదు."

"నువ్వు మాట తిప్పుతాండావు. లారీ మాత్రం తిరగదు, చెప్పిన రోజుకు వస్తాది" అని లింగమ్మ సంచి మూతి బిగించింది. కాసేపటికి ఏదో గుర్తొచ్చి మళ్ళీ విప్పింది.

*

ఆ పుస్తకం కథ ఏమిటంటే, బెంగళూరు నుంచి ఎవరో దయగలవాళ్ళు బడికి ఒక పెట్టె నిండా బొమ్మల పుస్తకాలు పంపారు. అన్నీ చలికాలపు సెలవుల పుస్తకాలే. నున్నటి కాగితం, కళ్ళు చెదిరే రంగులు. ప్రమీల సంబరంగా మొదటిది తెరిచి పిల్లలకు చూపించింది.

మంచుతో చేసిన బొమ్మమనిషిని చూసి ఒక పిల్లాడు, "టీచర్, ఈయప్పను ఉప్పుతో సేసినారా?" అన్నాడు.

ఎర్రకోటు తాతను చూసి ఇంకో పిల్ల జాలిపడింది. "పాపం, సలిజొరం వచ్చిండాది."

పొగగొట్టంలోంచి తాత ఇంట్లోకి దిగే పేజీ వచ్చేసరికి అందరికీ ఒకటే అనుమానం. "తలుపు తీయొచ్చు గదా టీచర్? అరిస్తే తీస్తారు గదా?"

నవ్వి నవ్వి ప్రమీలకు కడుపు నొప్పి వచ్చింది. ఇంటికి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఈ పిల్లలకు చలికాలపు సెలవు అంటే మంచు కాదు, లారీ. కొందరిని క్రిస్మస్ కంటే ముందే ఎక్కించుకుపోతారు. వాళ్ళు ఆ పుస్తకాల్లో ఎక్కడా లేరు.

అందుకని తానే రాసింది. పదహారు పేజీలు. మొదటి పేజీలో రెండే వాక్యాలు: "రూతు లారీ ఎక్కింది. క్రిస్మస్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది." మిరప చేలో గుడారంలో ఉన్న తన దగ్గరికి క్రిస్మస్ ఎట్లా వస్తుందో, దానికి దారి ఎవరు చెప్తారో అని రూతు అనే చిన్నపిల్ల పడే బాధే ఆ కథ.

అచ్చు వేయడానికి పెద్దనాన్న కొడుకు జోయల్ ఉన్నాడు. ఆదోనిలో చిన్న ప్రెస్సు. శుభలేఖలు, పాంప్లెట్లు వేస్తాడు. కాగితం ఖర్చు బడివాళ్ళు పెట్టుకుంటామన్నారు.

"బొమ్మలకు ఎమ్మిగనూరులో ఒకడు ఉండాడు, వీరేష్ అని" అన్నాడు జోయల్. "మగ్గాలకు చీర అంచుల డిజైన్లు గీస్తాడు. చెయ్యి బాగుంటాది. నోరే కొంచెం ఎక్కువ."

ప్రమీల నోటుపుస్తకం పేజీల్ని జోయల్ ఫోన్‌లో ఫోటోలు తీసి పంపించాడు. వారం తర్వాత బొమ్మలు చూసుకురమ్మని ఆమెను బస్సెక్కించాడు.

*

ఎమ్మిగనూరులో ఆ వీధికి ఎవర్నీ దారి అడగక్కర్లేదు. మగ్గాల చప్పుడు వెంట పోతే చాలు.

వసారాలో చెక్క పలక ముందు ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. చెవి మీద ఒక పెన్సిలు, చేతిలో ఒక పెన్సిలు, మూడోది పలక చుట్టూ వెతుకుతున్నాడు.

"వీరేష్ గారంటే..."

"నేనే. సీర అంచా, దుప్పటా?"

"పుస్తకం."

అతని మొహం వెలిగిపోయింది. "ఓ, ముగ్గు టీచరా! రాండి, రాండి."

తాను ముగ్గు టీచరు ఎప్పుడైందో ప్రమీలకు అర్థం కాలేదు. అతను చాప మీద బొమ్మలు ఒక్కొక్కటే పరిచాడు. లారీ బొమ్మ ఉంది. దుప్పట్లు, గిన్నెలు, కోళ్ళ గంప, పైన పిల్లలు, ఒక్కటీ తప్పిపోలేదు. కానీ మనుషులు!

"ఏమప్పా, మనుషులంతా ఇటికరాళ్ళ మాదిరి ఉండారే?"

"గడికి ఒక పోగు మేడం. మాకు వచ్చింది అదే" అన్నాడు గళ్ళ కాగితం చూపిస్తూ. "గుండ్రం కావాలంటే గడి గడికీ మెట్లు ఎక్కినట్టు ఎక్కాల. దగ్గరికి వచ్చి సూస్తే మెట్లే కనపడతాయి. దూరం పోండి."

ప్రమీల ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. గడప దాకా పోయింది. అక్కడి నుంచి చూస్తే రూతు బుగ్గలు గుండ్రంగా, పొంగిన పూరీల్లా ఉన్నాయి. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేక, "ఇంకా దూరం పోవాలేమో" అంది.

"ఇంగా దూరం అంటే బస్టాండే."

నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. నవ్వితే చనువు తీసుకునే రకంలా ఉన్నాడు. ఆ నవ్వు తొమ్మిదో పేజీ చూశాక దానంతట అదే పారిపోయింది.

చేల మధ్య ఒక గుడారం. రోడ్డు నుంచి గుడారం దాకా నేల మీద తెల్లటి ముగ్గు. ముగ్గుచుక్కల వెంట రూతు ఒక్కో అడుగు వేసుకుంటూ నడిచిపోతోంది.

"ఇదేంది?"

"మీరు రాసిందే."

"నేను ముగ్గు ఎప్పుడు రాసినాను?"

వీరేష్ ఫోన్ తీసి చూపించాడు. ఆమె చేతిరాతే. వరస చివర చోటు చాలలేదు. "గుడారం కాడికి ముగ్గు" అని ఒక వరస అయిపోయింది. "రు చుక్క వెంట నడిచి వచ్చినారు" అని కింది వరస మొదలైంది.

"ముగ్గురు!" అంది ప్రమీల, బడిలో అరిచినట్టు. "ముగ్గురు, అప్పా! ముగ్గురు మనుషులు! కింద 'రు' కనపడలేదా?"

"కనపడింది. రు అంటే రూపాయలు గదా. పక్కన అంకె లేదే, టీచరమ్మ మర్సిపోయిందేమో అనుకొన్యా."

"మరి చుక్క?"

"సుక్క అంటే ముగ్గుసుక్క. నెల పట్టినాక మా అమ్మ వాకిలంతా పెడతాది."

"చుక్క అంటే ఆకాశంలో చుక్క! నక్షత్రం! ఇది క్రిస్మస్ పుస్తకం!"

వీరేష్ ఒక కన్ను మూసి ఆలోచించాడు. నవ్వు వచ్చినప్పుడు ఒక కన్ను మూసుకోవడం అతని అలవాటని ఆమెకు ఇంకా తెలీదు. "అయితే ముగ్గురూ ఎవరు? సెప్పండి, ఏస్తాను."

"జ్ఞానులు. తూర్పు నుంచి వచ్చినారు."

"తూర్పు అంటే కర్నూలా?"

"కాదు!"

"కర్నూలు నుంచి వస్తే ఆఫీసర్లు అయితారు గానీ జ్ఞానులు ఎట్లయితారని అడుగుతాండా."

ఈసారి ప్రమీల ఆపుకోలేకపోయింది. నవ్వు బయటికి వచ్చేసింది. లోపల మగ్గం ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. నేస్తున్నది వీరేష్ తల్లి. ఎవరు నవ్వారో చూడ్డానికి ఆగిందన్నమాట.

*

ఆ తర్వాత ప్రమీల నాలుగుసార్లు ఎమ్మిగనూరు పోయింది. నాలుగుసార్లూ పని ఉండే పోయింది. ఒకసారి కోళ్ళ గంపలో కోడికి తోక మరిచిపోయాడని. ఒకసారి తోక ఎక్కువైందని.

"ఇంతదానికి ఫోను సేస్తే సాలు గదా" అన్నాడు అతను.

"ఫోన్‌లో తోక కనపడదు."

"అవును. మొకం గూడా సరిగా కనపడదు."

ఎవరి మొహమని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

మాటల్లో మాటగా ఆమె అవ్వ గురించి చెప్పేది. నెల ముందే సంచి సర్దే సంగతి, ఎర్ర గుడ్డలో కారంపొడి, లారీ ఎక్కే పిల్లల తలలు మూడుసార్లు లెక్కపెట్టే సంగతి. "ఎవరు ఎక్కడికి పోయినా అవ్వకు అదే ఆలోచన. తిరిగి వస్తారా, రారా అని" అంది. వీరేష్ అప్పుడు ఏ వేళాకోళమూ ఆడలేదు. పెన్సిలు కింద పెట్టి విన్నాడు. నోరెక్కువ మనిషి నోరు మూసుకుని వింటుంటే ఇంత బాగుంటుందా అనుకుంది ప్రమీల.

డిసెంబరు రెండో వారంలో ముసురు పట్టింది. ఎక్కడో సముద్రంలో తుపానంట, ఇక్కడ సన్నటి వాన. బస్టాండు దాకా తోడు వచ్చాడు వీరేష్. ఉన్నది ఒక్కటే పెద్ద టవలు, వాళ్ళ మగ్గం మీద నేసిందే. దాన్ని అప్పటికి అయిన బొమ్మల కట్టకు చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"నా తల తడిసినా పరవాలేదా?" అంది ఆమె.

"తల ఆర్తాది. బొమ్మ ఆరదు."

"ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"ముగ్గు టీచర్ తల తడిసిందనుకుంటారు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అతను వానలో నిలబడి కట్ట అందించాడు. "టవలు మాత్రం తిరిగి ఇయ్యాల" అన్నాడు. "అది తేవడానికన్నా రావాల గదా."

బస్సు కదిలాక ఆమె టవలు కొస విప్పి జుట్టు తుడుచుకుంది. గంజి వాసన వస్తోంది. ఆదోని దాకా తుడుచుకుంటూనే ఉంది.

*

చెడగొట్టినవాడు జోయల్. మంచివాడే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. పద్దెనిమిదో తేదీన వీరేష్‌కు ఫోన్ చేసి, "మిగిలిన బొమ్మలు తొందరగా పంపప్పా, మా చెల్లెలికి గుంతకల్లు సంబంధం కుదిరిపోయినట్టే, అచ్చు అయితే ఆ పనుల్లో పడాల" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి వీరేష్ ఫోన్ ఎత్తలేదు. కోడి తోక గురించి ఆమె పెట్టిన మెసేజ్‌కు జవాబు లేదు. మర్నాడూ లేదు. ప్రమీలకు బడిలో పాఠం మీద మనసు నిలవలేదు. ఒక పిల్లకు ముక్కు తుడవబోయి పక్కనున్న పిల్లకు తుడిచింది. టవలు ఇంట్లోనే ఉంది. పట్టుకుపోదామంటే కాళ్ళు రాలేదు. బస్సు దిగేసరికి అతను వసారాలో లేకపోతే?

ఇంట్లో అవ్వ రోజూ అదే మాట. "గుంతకల్లోళ్ళు మళ్ళా ఫోన్ సేసినారు. లారీకి ఇంగ వారమే ఉండాది."

ఇరవై రెండో తేదీ పొద్దున జోయల్ ప్రెస్సుకు రమ్మన్నాడు. ఎమ్మిగనూరు బస్సు కండక్టర్ చేతికిచ్చి వీరేష్ మిగిలిన బొమ్మల కట్ట పంపాడు. తాను రాలేదు.

"అన్నీ బాగుండాయి. ఈ ఒక్క పేజీ మాత్రం అయిపోలేదు" అన్నాడు జోయల్. "ఇట్లనే అచ్చు వేయమంటావా?"

తొమ్మిదో పేజీ. ఆకాశంలో పెద్ద చుక్క. కింద గుడారం వైపు ముగ్గురు నడిచిపోతున్నారు. గడ్డాలు లేవు, ఒంటెలు లేవు. ముందు ఒక ముసలమ్మ, వంగిన నడుము, చేతిలో ఎర్ర మూట. వెనక ఒక అమ్మాయి, గుండెకు అదుముకున్న పుస్తకాలు, నడుము దాకా జడ. ఆమె వెనక మూడో మనిషికి పెన్సిలు గీతలు మాత్రమే ఉన్నాయి. గళ్ళన్నీ ఖాళీ. మొహం లేదు, రంగు లేదు.

కాగితం వెనక నాలుగు వరసలు:

"టీచరమ్మా, మూడో మనిషి ఎవరో మీరే చెప్పాల. గుంతకల్లాయన మొకం నేను చూడలేదు. ఫోటో పంపితే జాగ్రత్తగా ఏస్తాను. మీరు సంతోషంగా ఉండాల."

ప్రమీల రెండుసార్లు చదివింది. తర్వాత జోయల్ వైపు తిరిగింది. "గుంతకల్లు సంగతి ఆయనకు ఎవరు సెప్పినారు?"

"నేనే. తప్పా?"

చేతిలో ఉన్న కట్టతో కొట్టబోయి, అందులో బొమ్మలున్నాయని గుర్తొచ్చి ఆగింది. టేబుల్ మీద కొత్త సంవత్సరం క్యాలెండర్ల చుట్ట కనపడింది. దాంతో కొట్టింది.

*

లింగమ్మకు చదువు రాదు. బొమ్మలు మాత్రం దీపం దగ్గర పట్టుకుని పేపర్ చదివినట్టు చదువుతుంది. ఆ సాయంత్రం ఒక్కో పేజీ తిప్పుతూ తొమ్మిదో దాని దగ్గర ఆగింది.

"ఇది నేనే గదా!"

ప్రమీల దీపాన్ని ఇంకొంచెం దగ్గరికి జరిపింది.

"నేనే. ఇది నా కారం మూట. నన్ను ఎన్నడూ సూడనోనికి నా మూట ఎట్ల తెలిసింది?"

"నేనే సెప్పినా."

"ఇంగేం సెప్పినావు?"

"అన్నీ."

"అన్నీ ఎవరికి సెప్తారే పాపా?" అని లింగమ్మ మెల్లగా అడిగి, మూడో మనిషి మీద వేలు పెట్టింది. "ఈడెవడు, కడుపులో ఏమీ లేనోని మాదిరి?"

ప్రమీల తల వంచుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అవ్వ ఆ చెవుల్ని చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆ పిల్ల నోటి కంటే ఆ చెవులే ఆమెకు ఎక్కువ నిజం చెప్పాయి.

కట్టలో అడుగున ఇంకో కాగితం దొరికింది. పాత తొమ్మిదో పేజీ, ముగ్గుది.

"ఇది బాగుండాదే. దీన్ని ఏంటికి తీసేసినారు?"

"అది తప్పు అవ్వా. ముగ్గురు అని రాస్తే ముగ్గు అనుకున్యాడు."

"క్రిస్మస్‌కు మన వాకిట్లో నేను ముగ్గు ఏయనా?"

"ఏస్తావు. కానీ పుస్తకంలో..."

"మనం సేసేది పుస్తకంలో ఉండగూడదా?"

బెంగళూరు పెట్టె చూసి ప్రమీలకు కలిగిన బాధ కూడా అదే. దాన్ని అవ్వ ఒక్క ముక్కలో చెప్పేసింది.

"వాన్ని రేపు రమ్మను" అంది లింగమ్మ. "రంగులు గూడా తెచ్చుకోమను."

*

జోయల్ ఫోన్ చేసి రమ్మంటే, మర్నాడు మొదటి బస్సుకే దిగాడు వీరేష్. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో రంగుల డబ్బా. చెవి మీద పెన్సిలు తీయడం మరిచిపోయాడు. లింగమ్మ అతన్ని గడప ఎదురుగా కూర్చోబెట్టింది. ప్రమీలను లోపలికి పొమ్మంది. ప్రమీల తలుపు వెనక్కి పోయింది, అంతకంటే లోపలికి పోలేదు.

"కులం అడగను నాయనా. అడిగితే నాకే భయం" అంది లింగమ్మ. "మీ అమ్మ ఏమంటాది?"

"ఒక నెల మాట్లాడదవ్వా. తర్వాత అన్నం తినకుండా యాడ తిరుగుతాండావని తిడతాది. తిట్టినాదంటే ఒప్పుకున్నట్టే."

"చర్చికి పోతాది మా పిల్ల."

"ఆదివారం మగ్గానికి సెలవే. నేను తోడు పోతా. బయట కూచుంటా."

"బయట ఎండ."

"అయితే లోపల కూచుంటా."

తలుపు వెనక చిన్న చప్పుడైంది. లింగమ్మ అటు చూడకుండానే, "ఆడ పిల్లి ఉండాది" అంది. తర్వాత ఆమె గొంతు మారింది. "ఒక్కటే అడుగుతా. బెంగళూరనో, సూరతనో పాపను యాడికన్నా పిల్సుకపోతావా? ఈ కాలం పిల్లోళ్ళంతా పోతాండారు. పోయేటప్పుడు అందరూ వస్తామనే అంటారు."

అడగాలనుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దీని ముందు పెట్టిన మాటలు. వీరేష్‌కు అది తెలిసినట్టే ఉంది.

"మా మగ్గం నువ్వు సూడలేదు గదవ్వా. కాళ్ళు పెట్టుకునేదానికి భూమిలో గుంత ఉంటాది. నాలుగు గుంజలు పాతింటారు. మా తాత పాతినాడు. అది కదిలేది కాదు. దాన్ని ఇడిసిపెట్టి నేనూ కదిలేవాన్ని కాదు. పాప బస్సెక్కితే గంటలో నీ కాడ ఉంటాది."

లింగమ్మ అతని చేతుల వైపు చూసింది. గోళ్ళ సందుల్లో రంగు. చాలాసేపు చూసి, ఒడిలో పెట్టుకున్న తొమ్మిదో పేజీని అతని ముందుకు జరిపింది.

"అయితే ఆ మూడోవానికి రంగు ఏసుకోపో నాయనా. అచ్చుకు పొద్దుపోతాంది."

వీరేష్ కాగితం అందుకోబోయి ముందు రంగుల డబ్బా కింద పడేసుకున్నాడు.

"ఏమప్పా, గుంతకల్లాయన ఫోటో కావాలంటివి?" అంది ప్రమీల తలుపు వెనక నుంచి బయటికి వచ్చి.

"ఇంగ వద్దులే. అద్దం ఉంటే ఇయ్యి."

చొక్కాకు ఏ రంగు వేయాలో తేలడానికి అరగంట పట్టింది. అవ్వ ఎరుపన్నది, ప్రమీల నీలమన్నది. వీరేష్ ఇద్దరికీ భయపడి ఎర్ర గళ్ళూ నీలి గళ్ళూ కలిపి వేశాడు. అది అచ్చం దుప్పటిలా వచ్చింది. ముగ్గు బొమ్మను ఎక్కడ పెట్టాలా అని జోయల్ తల గోక్కున్నాడు. అట్టకు బొమ్మ లేదని అప్పుడు గుర్తొచ్చింది. అలా ముగ్గు అట్ట మీదికెక్కింది. ముగ్గు కింద పుస్తకం పేరు: "రూతు ఇంటికి దారి."

"గుంతకల్లోళ్ళకు ఏం సెప్తావు?" అన్నాడు దేవదాసు సాయంత్రం పని నుంచి వచ్చి, ఇదంతా విని.

"పిల్లకు వేరేచోట రంగు పడిందని సెప్తా" అంది లింగమ్మ. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా సరేనన్నాడు.

*

క్రిస్మస్ రోజు బడిలో పిల్లలందరికీ పుస్తకాలిచ్చారు. లారీ బొమ్మ చూడగానే గోల మొదలైంది. "ఇది మా లారీ!" "కాదు, మాది!" "ఆ కోడి మాదే టీచర్, తోక సూడు!" ఉప్పుమనిషి గురించి అడిగిన పిల్లాడు తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి, గట్టిగా అన్నాడు.

"టీచర్, ఈ మూడో ఆయప్ప సుక్కను సూడటం లేదు. ముందుండే ఆయమ్మను సూసుకుంటా పోతాండాడు. దారి తప్పుతాడు!"

అందరూ నవ్వారు. అతిథిగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్న వీరేష్ ఒక కన్ను మూసుకున్నాడు. ప్రమీల బోర్డు వైపు తిరిగి, అక్కడ ఏమీ రాసి లేకపోయినా తుడిచింది.

ఇరవై ఎనిమిదో తేదీ తెల్లవారగానే లారీ వచ్చింది. లింగమ్మ పిల్లల తలలు మూడుసార్లు లెక్కపెట్టింది. నాలుగోసారి ప్రమీలనూ వీరేష్‌నూ కూడా కలిపి లెక్కపెట్టి, లెక్క తప్పిందని మళ్ళీ మొదలుపెట్టింది.

"మార్చిలో రాంగానే నేనే ఎమ్మిగనూరు వచ్చి మీ అమ్మకాడ కూచుంటా" అంది లారీ మీంచి. "అంతదాకా మీరేం సేయగాకండి. టవలు ఇచ్చేది, తీసుకునేది గూడా వద్దు."

"టవలు సంగతి నీకెట్ల తెలుసవ్వా?" అంది ప్రమీల.

"దిండు కింద పెట్టుకుంటే తెలీదా?"

లారీలో వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వులోనే లారీ కదిలింది. ప్రమీల రోడ్డు మలుపు దాకా వెంట నడిచింది. వీరేష్ ఆమె వెనక నడిచాడు.

వీరేష్ తల్లి నీలమ్మ అతను చెప్పినట్టే ఒక నెల మాట్లాడలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో అన్నం దగ్గర తిట్టింది. అవ్వ వచ్చాక కూర్చుని మాట్లాడదామంది. ఆ మాటలు మాట్లాడటానికి చివరికి నీలమ్మే ఆదోని బస్సెక్కాల్సి వచ్చింది. మార్చి రెండో వారంలో ఒక ఉదయం దేవదాసు ఇంటి గడప ముందు చెప్పులు విడిచి, "పిల్లను అడిగేదానికి వచ్చినానప్పా" అంది. మే నెలలో ప్రమీలకూ వీరేష్‌కూ పెళ్ళయింది.

లారీ మార్చి పదహారున తిరిగి వచ్చింది. పిల్లలందరూ వచ్చారు. లింగమ్మ రాలేదు. 2025 ఫిబ్రవరి పదకొండో తేదీ, మంగళవారం తెల్లవారుజామున ఆమె గుంటూరు అవతల మిరప చేలో గుడారం దగ్గర చనిపోయింది. ఆ ఊళ్ళోనే పూడ్చారు.